రోబోల సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతు చేయువారెవరు?

చెరువు త్రవ్వించుట ఒక పని. ఏటేట పూడిక తీయించుట వేరొక పని. ఈ రెండవ దాని కష్టమును పంచాయతీ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. రోబోలను నడిపించు ‘రాస్’ అను సాఫ్ట్‌వేర్‌కును ఇదే చిక్కు కలదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో విల్లో గరాజ్ అను సంస్థ 2007లో దీని నిర్మాణమునకు పూనుకొనెను. దీనిని ఎవరైనను ఉచితముగా తీసికొని, మార్చుకొని వాడుకొనవచ్చును. 2012లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ రోబోటిక్స్ ఫౌండేషన్ పిమ్మట దీని ఆలనాపాలన చేపట్టెను.

రాస్‌లోని ఒక్కొక్క భాగమునకు ఒక నిర్వాహకుడుండును. దేశదేశముల నుండి వచ్చు సవరణలను అతడు చదివి, పరీక్షించి, తప్పున్నచో పంపినవారికి ఓర్పుతో తెలిపి, సరియైనచో చేర్చవలెను. పలువురు ఈ పనిని జీతము లేకయే, తీరిక వేళలందు చేయుచున్నారు. క్రొత్తవాడు పంపిన మొదటి సవరణకు నెలల తరబడి బదులు రానిచో అతడు మరల రాడు. మా దృష్టిలో అసలు నష్టమిదియే. రేపటి నిర్వాహకుడు అతడే కావలసినవాడు. చూచువారు లేని భాగములకు అక్కడివారు పెట్టిన పేరు ‘అనాథలు’.

రాస్ మొదటి తరములో చివరిదైన నోయెటిక్ 2020లో వెలువడెను. 2025 మే నెలతో దాని అధికారిక మరమ్మతులు ముగిసినవి. దానిపై నడచు రోబోలు ఆగిపోవు. కాని ఇకమీదట దోషము బయటపడినచో సరిదిద్దుకొనవలసినవారు వాడుకొనువారే. రాస్ 2కు మారుదమన్నను, పాత భాగములను ఎవరో ఒకరు కూర్చుండి దానికి తగినట్లు మార్చవలసియున్నది.