గుఱ్ఱపు మాయలోని తెల్లపొర: చెడకుండ దాచు పద్ధతులు

ఆవు గాని గేదె గాని ఈనినపుడు పడిన మాయను పాత గోనెలో చుట్టి మఱ్ఱిచెట్టు కొమ్మకు కట్టుట మీలో పలువురు ఎరిగిన ఆచారమే. పాలుగారు చెట్టుకు కట్టినచో పశువు పాలు దండిగ ఇచ్చునని పెద్దల నమ్మకము. ఆ నమ్మకము మాట అటుంచుడు. అమెరికా మొదలగు దేశములలో పశువైద్యులు గుఱ్ఱపు మాయతో వచ్చు ఒక పలుచని పొరను చెట్టుకు కట్టక, గడ్డకట్టు పెట్టెలో నెలల తరబడి దాచి, దానితో గుఱ్ఱముల కండ్లు పోకుండ కాపాడుచున్నారు. ఆ దాచు పద్ధతులెట్టివో ఇచట తెలిసికొందము.

గుఱ్ఱము ఈనునపుడు పిల్ల ఒక తెల్లని సంచిలో చుట్టుకొని వెలుపలికి వచ్చును. అదియే ఉమ్మనీటి సంచి. వైద్యులు దీనిని ఆమ్నియాన్ అందురు. తరువాత పడు ఎఱ్ఱని, మందమైన భాగము అసలు మాయ. (తెల్లసంచికి బదులు ఎఱ్ఱసంచి ముందుగా కనబడినచో ప్రమాదమని గ్రహింపుడు. మాయ ముందే ఊడినందున పిల్లకు ఊపిరి అందదు. వైద్యునికై కాచుకొనక ఆ సంచిని అప్పుడే చింపి పిల్లను వెలికి తీయవలెను.)

ఈ తెల్లపొరలో వాపును తగ్గించు పదార్థములు, పుండును కరిగించు రసములను అడ్డగించు పదార్థములు కలవు. ఒక జంతువు పొరను వేరొక జంతువుకు అతికించినను శరీరము దానిని అంతగా త్రోసివేయదు. 1910లో అమెరికాలో డేవిస్ అను వైద్యుడు ఇట్టి పొరలను మనుష్యుల చర్మపు గాయములకు వాడెను. 1940లో డి రాత్ కంటికి వాడెను. తరువాత చాలకాలము ఇది మూలబడినది. 1995లో కిమ్, సెంగ్ అను వైద్యులు నిలువచేసిన పొరను కుందేళ్ల కండ్లకు వేసి మంచి ఫలితము చూపిన పిమ్మట మరల వాడుకలోనికి వచ్చినది. గుఱ్ఱముల విషయమున, కంటిపాప మీది పారదర్శకపు పొర కరిగిపోవుచున్న మూడు గుఱ్ఱములకు గుఱ్ఱపు ఉమ్మసంచి పొరనే కుట్టి నయముచేసిన వృత్తాంతమును ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు పశువైద్యులు 2005లో ప్రకటించిరి. 2009లో అచటి 58 చికిత్సల సమీక్ష వెలువడినది.

దాచవలసిన అవసరమేమి?

గుఱ్ఱపు కన్ను పెద్దది, తలకు ప్రక్కగా ఉబ్బి ఉండును. గడ్డిపరక, ముల్లు, చెర్నాకోల కొన, ఏది తగిలినను గీరుకొనును. కంటి ముందరి పొర మందము సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. ఆ గీతలో సూక్ష్మజీవులో బూజో చేరినచో పొర జిగటగా కరుగనారంభించును. ఒకటి రెండు దినములలోనే రంధ్రము పడి కన్ను పోవచ్చును. అట్టి సమయమున వైద్యుడు పొర కావలెనన్నచో, ఎవరి గుఱ్ఱము ఈనునా అని ఎదురుచూడ వీలగునా? గుఱ్ఱము సుమారు 11 నెలలు మోసి, సాధారణముగా ఒక ఋతువులోనే ఈనును. కంటిపుండు మాత్రము ఏ నెలలోనైనను రావచ్చును. కనుక పొర ముందుగనే సిద్ధముగా ఉండవలెను.

సేకరించుటలోనే సగము పని ఉన్నది. పేడలో, గడ్డిలో పడినదానిని వాడరాదు. శుభ్రముగా జరిగిన కాన్పులో గాని, కడుపుకోసి పిల్లను తీసినపుడు గాని పొరను పట్టుదురు. ఉప్పునీటి ద్రావణముతో రక్తము పోవువరకు కడిగి, సూక్ష్మజీవులను, బూజును చంపు మందులు కలిపిన ద్రావణములో నానవేసి, రక్తనాళములు గల పొరను ఒలిచివేసి, ఒక విధమగు కాగితముపై పరచి ముక్కలు చేయుదురు.

ఆ పిమ్మట మొదటి పద్ధతి గడ్డకట్టించుట. పోషకద్రవము, గ్లిసరిన్ సమపాళ్లుగా కలిపి, అందులో ముక్కలనుంచి, సున్నకు దిగువ 80 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నిలువచేయుదురు. ఇండ్లలోని మంచుపెట్టె చల్లదనము సాధారణముగా సున్నకు దిగువ 18 డిగ్రీలే, అది చాలదు. మీ ఊరి పశువైద్యశాలలో ద్రవ నత్రజని పాత్రను చూచియుందురు. అందులో సున్నకు దిగువ 196 డిగ్రీల వద్ద ఎద్దు వీర్యము నిలువయుండును. ఆ వీర్యమునకు కూడ గ్లిసరిన్ కలుపుదురు. గడ్డకట్టినను వీర్యకణములు చావకుండ గ్లిసరిన్ కాపాడునని 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనువారు కనుగొనిరి. అయితే ఒక భేదము కలదు. వీర్యకణము బ్రతికియుండనిదే చూలు నిలువదు. ఈ పొరలోని కణములు నిలువలో చాలవరకు చచ్చిపోవును. అయినను నష్టము లేదు. వైద్యునికి కావలసినది క్రింది అల్లిక, అందులోని మేలుచేయు పదార్థములు. ఈ పద్ధతిలో అవి బాగుగ నిలుచును. చిక్కెల్ల కరెంటుతోనే. ఒకమారు కరిగిన పొరను తిరిగి గడ్డకట్టించి వాడరాదు.

రెండవది చిక్కని గ్లిసరిన్‌లో ముంచి ఉంచుట. మామిడి ముక్కలలోని నీటిని ఉప్పు లాగి ఊరగాయను కాపాడినట్లే, గ్లిసరిన్ పొరలోని నీటిని లాగి సూక్ష్మజీవులు పెరుగకుండ చేయును. ఖర్చు తక్కువ, గొప్ప యంత్రములు అక్కరలేదు. బ్రెజిల్ దేశపు పశువైద్యులు నూటికి 98 పాళ్ల గ్లిసరిన్‌ను వాడి ఈ పద్ధతిలో చాల పనిచేసిరి. వాడుటకు ముందు ఉప్పునీటి ద్రావణములో బాగుగ కడుగవలెను. అన్ని వైరసులును, మొండి సూక్ష్మజీవుల బీజములును గ్లిసరిన్‌లో చావవని మరువరాదు.

మూడవది ఎండబెట్టుట. ఎండలో కాదు సుమా! గడ్డకట్టిన పొరనుండి గాలిలేని యంత్రములో నీటిని ఆవిరిగా లాగివేసి, సంచిలో మూసి, గామా కిరణములతో శుద్ధిచేయుదురు. ఈ ముక్కలు మామూలు గదిలోనే చిరకాలము నిలుచును. వైద్యుడు సంచిలో వేసికొని ఏ ఊరికైనను పోవచ్చును. కాని పెళుసుబారును, మేలుచేయు పదార్థములు కొంత నశించును. కాలిగాయమునకు కప్పుటకు ఇది అనువైనది. గుఱ్ఱమునకు మోకాలి దిగువ గాయము ఆలస్యముగా మానుట, దుర్మాంసము పెరుగుట మీరెరిగినదే. చర్మపు ముక్కలు నాటిన కాలి గాయములపై సామాన్యపు కట్టుకంటె గుఱ్ఱపు ఉమ్మసంచి పొర కట్టినచో త్వరగా మానినట్లు పోనీలపై జరిగిన పరీక్షను 2000లో ప్రకటించిరి. నరముల బెణుకులకు, కీళ్లకు సూదిగా ఎక్కించు సరుకులు కూడ ఇదే పొరనుండి చేసి అమ్ముచున్నారు. వాటికి కంటి చికిత్సకున్నంత ఆధారము లేదని నా అభిప్రాయము.

ఏ పద్ధతియైనను పొరనిచ్చిన గుఱ్ఱము ఆరోగ్యము ముఖ్యము. గుఱ్ఱపు రక్తమునుండి చేసిన ధనుర్వాతపు మందు పొందిన గుఱ్ఱమొకటి కాలేయము చెడి చనిపోగా, దానిలో అంతవరకు తెలియని వైరసును కనుగొన్నట్లు 2018లో అమెరికాలో ప్రకటించిరి. ఒక గుఱ్ఱపు అంశ వేరొక గుఱ్ఱములోనికి పోవునపుడు ఇట్టి భయము ఎల్లప్పుడు ఉండును. మన దేశమున గ్లాండర్స్ కూడ కలదు. అది మనుష్యులకును అంటును. హర్యానాలోని హిస్సారులో 1985లో ఏర్పడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రములో దీనికి రక్తపరీక్ష చేయుదురు. 2009 నాటి చట్టము ప్రకారము, ఇట్టి వ్యాధి ఉన్నట్లు అనుమానము కలిగిన యజమాని గ్రామాధికారికి గాని పంచాయతీవారికి గాని తెలుపవలెను. గ్రామాధికారులు ఈ సంగతి గమనింతురు గాక.

ఈ పొర మీ తాలూకా ఆసుపత్రిలో దొరకకపోవచ్చును. అయినను మీ చేతిలో ఉన్న పని కలదు. కన్ను సగము మూయుట, నీరు కారుట, పైరెప్ప వెండ్రుకలు క్రిందికి వ్రాలుట, కంటిపై తెల్లని లేక నీలపు మచ్చ - వీనిలో ఏది కనబడినను ఆ దినముననే వైద్యుని పిలువుడు. ఇంటిలో మిగిలిన కంటిమందును వేయకుడు. స్టెరాయిడ్ కలిసిన మందు పుండుపై పడినచో కన్ను మరింత వేగముగా కరుగును. గుఱ్ఱము సొంత రక్తమునుండి వైద్యుడు తీసిన సీరమును గంట రెండు గంటలకొకమారు వేయుట వలన కరుగుట తగ్గును. ఆ సీసాను రిఫ్రిజిరేటరులో ఉంచి, మబ్బు పట్టినను, వారము దాటినను పారవేయవలెను.

గుఱ్ఱము ఈనిన మూడు గంటలలో మాయ పడవలెను. పడనిచో చేతితో లాగక వైద్యునికి కబురంపుడు. పడిన మాయను చేతితొడుగులు వేసికొని నేలపై పరచి, ఎక్కడైన తెగి లోపల మిగిలినదేమో చూచి, వైద్యుడు చూచువరకు బక్కెటులో మూత వేసి ఉంచుడు. తరువాత కుక్కలు తీయనంత లోతున సున్నము చల్లి పూడ్చవలెను.