పాత లారీల పటములు

పండుగలకు ముందు మన యిండ్లలోని పాత ట్రంకుపెట్టెలను తెఱచి దులుపునపుడు పెండ్లిపటములు, బారసాలనాటి పటములు, కాశీయాత్రనాటి పటములు బయటపడుట పరిపాటి. చిత్తూరు, తిరుపతి ప్రాంతములందలి కొన్ని యిండ్ల పెట్టెలలో వీని నడుమ మఱియొక విధమైన పటముకూడ కానవచ్చును. అందు పెండ్లికూతురు లేదు, పసిబిడ్డ లేదు. ఒక లారీ యుండును. దాని ముందుభాగమున బంతిపూలదండ, చక్రముల క్రింద నిమ్మకాయలు, ప్రక్కను చేయి యానించి నిలిచిన యజమాని, వెనుక నీడలో మొగము సగమే తెలియు నిద్దరు ముగ్గురు మనుష్యులు. ఇల్లు మాఱునపుడు మనము మొట్టమొదట పాతకాగితములవాని గంపలో వేయునవి యిట్టి పటములే. "ఎవరిదో బండి, ఎవరికి గావలెను?" అనుచున్నాము. ఆ పటములను గూర్చి నాలుగు మాటలు సోదరీమణులకు మనవి చేయదలచితిమి.

చిత్తూరిలో మా బంధువుల యింటి ప్రక్క నొక పెద్ద యరుగు గలదు. ఆదివారము ప్రొద్దున అచట నలుగురు వృద్ధులు చేరుదురు. వారిలో నిద్దరు లారీలు తోలినవారు, ఒకరు మోటారు మరమ్మతు చేసినవారు, ఇంకొకరు బండ్లకు చెక్కబాడీలు కట్టిన వడ్రంగి. వారి చేతులలో తమవియు, తమ తండ్రులవియునైన పాతపటములు. నోట పాతలారీల పేర్లు. మా వారు బడిపిల్లలకు ఊరిచరిత్ర చెప్పుటకై వారి మాటలు వ్రాసికొన వెళ్లుచుండగా మేమును కొన్ని పర్యాయములు వెంట వెళ్లి వింటిమి.

"ఇది బెడ్‌ఫోర్డు" అని యొకరందురు. "కాదన్నా, ఆస్టిను. ముక్కు చూడు" అని వేఱొకరందురు. అంతట కంటియద్దములు తుడిచికొనుట, పటమును వెలుతురునకు త్రిప్పుట, ఒకరి చేతినుండి యొకరు లాగికొనుట జరుగును. ఈ తగవు చిత్తూరు అరుగుమీద పుట్టినది కాదు. 1939లో ఆస్టిన్ కంపెనీవారు వెలువరించిన లారీలు బెడ్‌ఫోర్డు లారీలను మిక్కిలి పోలియుండుటచే, ఆస్టిన్ కార్ఖానా యున్న ఊరి పేరు చేర్చి వానిని "బర్మింగుహాము బెడ్‌ఫోర్డు" అని ఇంగ్లండు దేశస్థులే పరిహాసముగా పిలిచిరి. పోలికలచేత అన్నదమ్ముల బిడ్డలను తాఱుమాఱుగా పిలుచుట మన యిండ్లలో నుండునదే గదా.

ఈ బండ్ల వంశావళి వినదగినది. లేలండు అనునది ఇంగ్లండునందు లాంకషైరు మండలములోని యొక పట్టణము. అచట 1896లో ఆవిరిబండ్లు చేయుటకొక కంపెనీ వెలసెను. 1907లో అదియే లేలండు మోటార్సు అను పేరు దాల్చెను. ఆల్బియను 1899లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున జన్మించినది. దాని ముఖమున ఉదయించు సూర్యబింబము చెక్కబడియుండును గాన దానిని గుఱుతించుట సులభము. బెడ్‌ఫోర్డు లారీలు 1931 మొదలు ల్యూటను పట్టణమున తయారయ్యెను. దూరదేశమునుండి వచ్చు లారీ తఱచు సగము లారీయే: ఇంజను, ముందు మూత, నాలుగు చక్రములు గల యినుపచట్రము మాత్రమే. దానినే చాసీ యందురు. డ్రైవరు కూర్చుండు గది, సరకు నింపు తొట్టి మన వడ్రంగులు కట్టినవి. రంగులు, పూలతీగెలు, దేవుని పేర్లు మన చిత్రకారులు వ్రాసినవి. కావున పటమందు కనబడు లారీలో సగము దొరలది, సగము మనది. ఆ వడ్రంగి తాతగారు ప్రతి పటమునందును ఇంజను చూడక ముందు తలుపు చూచుట మేము గమనించితిమి.

పిదప లారీ యోడ యెక్కి రానవసరము లేకుండెను. 1948లో రఘునందన్ సరన్ అను నాయన, తన కుమారుని పేరిట అశోక్ మోటార్సు అను కంపెనీని నెలకొల్పెను. మద్రాసునకు ఉత్తరమున ఎన్నూరునందు దాని కార్ఖానా. మొదట అందు ఆస్టిను కార్లు కూర్చబడెను. లేలండు వారితో ఒడంబడిక జరిగిన పిమ్మట 1951 మొదలు కామెట్ అను లారీలు కూర్చబడెను. 1955లో ఆ కంపెనీయే అశోక్ లేలండు అయ్యెను. కామెట్ అనగా తోకచుక్క. మన పెద్దలు తోకచుక్క పొడిచిన రాజ్యమునకు అరిష్టమని బెదరిరి. ఈ తోకచుక్క మాత్రము చిత్తూరు బెల్లమును పరదేశములకు, పరదేశముల బియ్యమును చిత్తూరునకు చేర్చి పెక్కు గుడిసెలలో పొయ్యి వెలిగించినది.

మా సీమకు లారీ ఇంతగా అబ్బుటకు కారణము బాటలు. మద్రాసునుండి బెంగళూరునకు పోవు పాత పెద్దబాట చిత్తూరు, పలమనేరు మీదుగా సాగును. నడుమ మొగిలి కనుమ. తిరుపతినుండి పీలేరు దిక్కునకు పోదమన్నచో భాకరాపేట కనుమ. ఇక తిరుమల సంగతి చెప్పనేల? కాలినడకన గాని డోలీలో గాని యెక్కవలసిన ఆ కొండకు 1944వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ మొదటి ఘాటురోడ్డును తెఱచెను. సుమారు 19 కిలోమీటర్ల బాటలో 36 హెయిర్‌పిన్ మలుపులు. 1974లో రెండవబాట యేర్పడినది. నేడు క్రొత్తబాట యెక్కుటకు, పాతబాట దిగుటకు వాడుచున్నారు. మనము కిటికీ ప్రక్క కూర్చుండి గోవిందనామము చేయుచు దిగు ఆ మలుపులలో ఆనాటి సారథి రెండు చేతులతో స్టీరింగుచక్రమును బలము కొలది లాగుచుండెను. నేటి బండ్లలోవలె చేతికి సాయపడు యంత్రము దానికి లేదు.

ఆ పని యెట్టిదో వారు విడమరచి చెప్పిరి. ప్రాతఃకాలమున ఇంజను తనంతట మేల్కొనదు. క్లీనరు ముందు నిలిచి ఇనుపకడ్డీ త్రిప్పవలెను. అది వెనుకకు తన్నినచో మణికట్టు విఱుగును. గేరు మార్చుటకు క్లచ్చి నొకసారి గాక రెండుసార్లు త్రొక్కి, ఇంజను శబ్దమును చెవితో విని, ఆ యదనుననే కఱ్ఱను త్రోయవలెను. తప్పినచో పండ్లు కొఱికినట్లు చప్పుడగును. కనుమ నెక్కునపుడు రేడియేటరులోని నీరు కాగి పొగలు చిమ్మును గాన డబ్బాలతో నీరు వెంట నుండవలెను. దిగునపుడు బ్రేకును నమ్ముట వెఱ్ఱి. ఎక్కిన గేరులోనే దిగవలెనని వారి శాస్త్రము. ఎక్కుడులో బండి ఆగినచో క్లీనరు క్రిందికి దుమికి వెనుకచక్రమునకు చెక్కదిమ్మ పెట్టవలెను. రెండవ ప్రపంచయుద్ధమునాట పెట్రోలు దొరకక, బండి వెనుక కొలిమివంటి డబ్బా కట్టి, బొగ్గును కాల్చి, ఆ వాయువుతో నడపిన బస్సులను గూర్చియు తమ తండ్రులు చెప్పగా వినిరట. "బొగ్గు బస్సు" అన్న మాట ఆ తరమువారి నోట నేటికిని వినవచ్చును.

ఇట్లు మాటలు సాగుచుండగా ఒకనాడు ఆ యింటి యజమానురాలు, ఎనుబది యేండ్లు దాటిన అవ్వ, కాఫీ తెచ్చి యరుగుమీద పెట్టి, వారి చేతిలోని పటమును వంగి చూచెను. అప్పటికి అర్ధగంటగా వాదించి అది కామెటే యని తేల్చియున్నారు. ఆమె యన్నది:

"బండి పేరు తేల్చినారు గదా. ఆ యెనక నిలబడుకోనుండే పిల్లోడు ఎవురో చెప్పండి చూస్తాం."

ఎవరును పలుకలేదు. ఇంజను నెన్ని గుఱ్ఱముల బలమో చెప్పగల నలుగురికిని ఆ పిల్లవాని పేరు తోచలేదు. ఆమెయే చెప్పినది. వాడు వారి క్లీనరు. నాలుగేండ్లు ఆమె చేతి యన్నము తిన్నవాడు. మొగిలి కనుమలో చక్రము వెనుక చెక్క పెట్టబోయి చేయి నలిగి, రెండువ్రేళ్లు పోగొట్టుకొన్నవాడు. పిదప ఏ యూరు వెళ్లెనో తెలియదు. ఆమె యింకొక మాటయు ననెను.

"ఈ బండి కొనేదానికి నా గాజులు, మా యత్త కాసులపేరు పోయినాయి. ఫోటోలో అవి యాడుండాయి?"

ఆ మాటతో ఆ పటము మాకు వేఱొక పటమైపోయినది. అప్పటివరకు అందు కనబడిన పూలదండ, నిమ్మకాయలు, నిగనిగలాడు రంగు వెనుకకు తగ్గినవి. కానరానివి ముందుకు వచ్చినవి: కుదువపెట్టిన గాజులు, లారీ రావలసిన రాత్రి రాకపోగా తలుపు గడియ వేయక కూర్చున్న యిల్లాలు, మూడవనాడు ఇంటికి వచ్చి, బిడ్డ నెత్తికొనక మునుపే నిద్రలో పడిపోయిన తండ్రి. లారీలను ప్రేమించు పురుషులకు చక్రములు, గేర్లు తెలియును. ఆ లారీ యే యింటిమీద నెంత బరువు మోపి తిరిగెనో ఆ యింటి స్త్రీకి తెలియును. పటమునకు ఈ రెండు జ్ఞానములును వలయును. మొదటిది పుస్తకములలో దొరకును; రెండవది ఆమెతోనే పోవును.

మేము చిన్ననాట మా నాయనగారి యొద్ద భారత రామాయణములు చదువునపుడు గమనించిన విషయ మొకటి గలదు. మన కవులు రథమును వర్ణించిరి గాని సారథిని మఱవలేదు. దశరథుని రథమునకు సుమంత్రుడు, ఇంద్రుని రథమునకు మాతలి, కృష్ణుని రథమునకు దారుకుడు. కర్ణునకు శల్యుడు. నలమహారాజు పేరు దాచికొని బాహుకుడై గుఱ్ఱములు తోలినపుడు, ఆ తోలు నేర్పుచేతనే అతడు నలుడేమో యని దమయంతి యూహించినది. భారతయుద్ధము ముగిసిన దినమున కృష్ణుడు మొదట అర్జునుని దింపి, పిదప తాను దిగగానే, ఆ దివ్యరథము చూచుచుండగనే భస్మమైనదని కథ. సారథి దిగిన రథము బూడిదయే యని మా నాయనగారు చెప్పుచుండిరి. పేరులేని పటము గతియు నంతియే.

ఇంగ్లండులో పాతలారీలను జాగ్రత్తపెట్టు వేడుక పెద్దది. 1962 మొదలు లండనునుండి సముద్రతీరమందలి బ్రైటనునకు పాతలారీల యాత్రను నడపిరి. లేలండు పట్టణముననే 1983లో బ్రిటిషు వాణిజ్యవాహనముల ప్రదర్శనశాల తెఱవబడినది. మన తెలుగునాటను ఇట్టి పని బొత్తిగా లేకపోలేదు. 1932లో నైజాము ప్రభుత్వ రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. ఆనాటి ఆల్బియను బస్సు నొకదానిని బాగుచేయించి హైదరాబాదునందు భద్రపఱచిరి. కాని లారీ బస్సువలె ప్రభుత్వపు సొత్తు కాదు. ఒక గృహస్థుడు అప్పుచేసి కొన్నది. అఱిగిన పిమ్మట ఇనుపతూకమునకు అమ్మినది. చిత్తూరు అరుగుమీది నలుగురు తోలిన బండ్లలో ఒక్కటియు నేడు లేదు. మిగిలినది పటము మాత్రమే, అదియు మన పెట్టెలో. కావున ఈ ప్రదర్శనశాలకు కావలివారము మనమే.

ఇందులకు ధనము వలదు, గొప్ప విద్య వలదు. మేము చేసి చూచిన పద్ధతిని వ్రాయుచున్నాము. పటమును అంచులు పట్టుకొని తీయవలెను. బొమ్మమీద వ్రేలు మోపరాదు. తడిగుడ్డతో తుడువరాదు. వెనుకప్రక్క మెత్తని పెన్సిలుతో, ఒత్తిపెట్టక వ్రాయవలెను. సిరా కాలక్రమమున ముందువైపునకు ఊఱును. జిగురుతో నంటింపరాదు, ప్లాస్టిక్ పొర నతికింపరాదు. తేమ తగులని చోట, ఎండ పడని చోట, ఒక్కొక్క పటమునకు నడుమ తెల్లకాగితము పెట్టి యుంచవలెను. గంపలో వేయవలసివచ్చినను, అంతకు మునుపు నీడలోని వెలుతురున సెల్‌ఫోనుతో నొక ప్రతి తీసికొనవలెను. అద్దముగల పటమైనచో ఫోనుదీపము వెలిగింపరాదు.

వ్రాయవలసినవి ఆఱు సంగతులు: ఏ సంవత్సరము, ఏ ఊరు, బండి యెవరిది, తోలినది యెవరు, క్లీనరు ఎవరు, ఏ సరకు ఏ బాటను మోసినది. సంవత్సరము జ్ఞాపకము లేకున్నచో "పెద్దమ్మాయి పుట్టిన యేడు" అన్నను చాలును. లెక్క తరువాత కట్టుకొనవచ్చును. పెద్దవారు మాటలాడుచుండగా ఫోనులో వారి కంఠమును నిలుపుకొన్నచో మఱియు మేలు. పురుషులను బండిని గూర్చి యడుగుడు. పిదప లోపలికి వెళ్లి, వంటయింటి గడపమీద కూర్చున్న యవ్వను ఆ పటములోని మనుష్యులను గూర్చి యడుగుడు. ఆమె "నాకేమి తెలుసు" అనును. కొంచెము సేపు ఆగుడు.

ఆ యరుగుమీది పటమునకు నేడు వెనుకప్రక్క పెన్సిలుతో నాలుగు పేర్లున్నవి. నాలుగవది ఆ క్లీనరుది. ఆ పేరును పత్రికలో వేయుటకు అనుమతి యీయదగినవారు మాకు దొరకలేదు గనుక ఇచట వ్రాయుటలేదు. ఆ కుటుంబమువారెవరైన ఒకనాడు వెదకికొని వచ్చినచో చూపుటకు పటము భద్రముగా నున్నది. రాబోవు ఆయుధపూజకు మీ యింటి పెట్టె తెఱచినపుడు అందు లారీపట మున్నదేమో చూడుడు. ఉన్నచో, ఆ యింట పెద్దవారు బ్రతికియుండగనే పెన్సిలు చేత బట్టుడు.