కారు అద్దం ఎక్కడం లేదా? స్విచ్ మార్చే ముందు ఇవి చూడండి

బెంగళూరులో మే నెల సాయంత్రాలు మనకు కొత్త కాదు. మూడింటిదాకా ఎండ, నాలుగింటికి మబ్బు, అయిదింటికి కుండపోత. సరిగ్గా అప్పుడే కారు అద్దం సగంలో ఆగిపోతుంది. స్విచ్ ఎంత లాగినా ఎక్కదు. సీటు తడుస్తుంది, తలుపు లోపలి వైర్లు తడుస్తాయి, మర్నాడు గ్యారేజీకి వెళ్తే "మోటార్ హోగిదె సార్, పూర్తి సెట్ మార్చాలి" అంటారు.

మన ఇళ్లలో చాలావాటిలో పదీ పదిహేనేళ్ల కార్లు ఉన్నాయి. పెద్దవాళ్లు ఇష్టపడి కొన్నవి, ఇంజన్ ఇంకా బాగా నడిచేవి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసినా, పరీక్షలో నెగ్గితే మరో అయిదేళ్లకు పొడిగిస్తారు కాబట్టి వాటిని వదులుకోవలసిన పని లేదు. అయితే ఇలాంటి కార్లలో ముందుగా మొరాయించేవి పెద్ద భాగాలు కావు, చిన్న స్విచ్‌లు. వాటిలో చాలామటుకు శుభ్రం చేస్తే మళ్లీ పనిచేస్తాయి. కొత్తది వేసినా కొన్ని నెలలకే మళ్లీ పోతోందంటే మాత్రం తప్పు స్విచ్‌ది కాదు. ఆ సంగతే ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

అద్దం ఎలా ఎక్కుతుంది

తలుపు లోపల 12 వోల్టుల చిన్న మోటారు ఉంటుంది. దానికి రెండు వైర్లు. కరెంటు ఒకవైపు నుంచి పోతే అద్దం ఎక్కుతుంది, తిరగేసి పోతే దిగుతుంది. ఆ తిరగేసే పని స్విచ్ చేస్తుంది. స్విచ్ ముట్టుకోనప్పుడు మోటారు రెండు వైర్లూ ఎర్త్‌కు, అంటే కారు బాడీకి కలిసి ఉంటాయి. మీరు నొక్కినప్పుడు ఒక వైరు ప్లస్‌కు మారుతుంది, రెండోది ఎర్త్‌లోనే ఉంటుంది.

పాత కార్లలో చాలావాటికి ఇంకో మెలిక ఉంది. డ్రైవరు తలుపు మీది మాస్టర్ స్విచ్ మిగతా మూడు అద్దాలను కూడా నడుపుతుంది. వెనక సీటు స్విచ్‌కు ఎర్త్ దొరికేది ఆ మాస్టర్ స్విచ్ గుండానే. కాబట్టి వెనక ఎడమ అద్దం పనిచేయకపోతే తప్పు వెనక ఎడమ తలుపులోనే ఉండాలని లేదు. డ్రైవరు చేతి కిందే ఉండవచ్చు. ఇది తెలియక మంచి మోటార్లు మార్చేసిన ఇళ్లు తక్కువేమీ కాదు. మా ఇంటి కారుకూ ఒకసారి అదే జరిగింది. మోటారు మార్చాక కూడా అద్దం కదల్లేదు. చివరికి మాస్టర్ స్విచ్ విప్పి తుడిస్తే లేచింది.

స్విచ్ ఎందుకు పోతుంది

55 వాట్ల హెడ్‌లైట్ బల్బు సుమారు 4.5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. అద్దం మోటారు మామూలుగా ఎక్కేటప్పుడే అంతకంటే ఎక్కువ లాగుతుంది. అద్దం ఇరుక్కుంటే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. అదంతా స్విచ్ లోపలి చిన్న రేకు కొనల మీదుగానే పోవాలి. కలిసిన ప్రతిసారీ, విడిన ప్రతిసారీ అక్కడ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్ల తరబడి ఆ రవ్వలకు రేకు నల్లబడి, కరెంటు సరిగా దాటదు. దానికి తోడు మన ఊరి దుమ్ము, కిటికీలోంచి పడిన వాన చినుకులు, స్విచ్ మీద ఒలికిన కాఫీ.

అద్దం ఎందుకు ఇరుక్కుంటుంది? అద్దం జారే గాడిలో రబ్బరు ఉంటుంది. ఎండకు అది గట్టిపడుతుంది, దుమ్ము చేరి గరుకవుతుంది. అప్పుడు అద్దాన్ని ఎత్తడానికి మోటారు ఎక్కువ కష్టపడుతుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది, స్విచ్ తొందరగా కాలిపోతుంది. కొత్త స్విచ్ వేసి రబ్బరును అలాగే వదిలేస్తే అదీ కాలిపోతుంది. అందుకే స్విచ్ పోయిందంటే గాడి వంక కూడా చూడాలి.

విప్పే ముందు చేయాల్సిన పరీక్షలు

ఇగ్నిషన్ ఆన్ చేసి వరసగా చూడండి. పనిముట్లు అక్కర్లేదు.

మొదట, డ్రైవరు వైపు ఉండే లాక్ బటన్. పిల్లల కోసం పెట్టిన ఆ బటన్ పొరపాటున నొక్కి ఉంటే డ్రైవరు స్విచ్ నుంచి అద్దాలు పనిచేస్తాయి, మిగతా తలుపుల దగ్గర పనిచేయవు.

నాలుగు అద్దాలూ ఒకేసారి ఆగిపోతే ముందు ఫ్యూజు, రిలే చూడండి. ఫ్యూజు కాలి ఉంటే అదే ఆంపియర్లది వేయండి. పెద్దది వేయడం, సిగరెట్ రేకు చుట్టడం, వైరు ముక్క పెట్టడం వద్దు. ఫ్యూజు కాలకపోతే ఆ తర్వాత కాలేది వైరింగు.

ఒక్క అద్దమే ఆగితే దాన్ని రెండు చోట్ల నుంచీ నొక్కి చూడండి. తన స్విచ్‌తో కదిలి, డ్రైవరు స్విచ్‌తో కదలకపోతే తప్పు మాస్టర్ స్విచ్‌లో ఉంది. డ్రైవరు స్విచ్‌తో కదిలి, తన స్విచ్‌తో కదలకపోతే ఆ తలుపు స్విచ్ చూడాలి. రెండింటితోనూ కదలకపోతే మాస్టర్ స్విచ్, తలుపు వైర్లు, మోటారు, ఈ వరసలో అనుమానించండి.

ఒకవైపే పనిచేస్తే, అంటే దిగుతుంది కానీ అసలు ఎక్కకపోతే, మోటారూ ఫ్యూజూ బాగున్నాయన్నమాట. తప్పు ఎక్కువగా స్విచ్ రేకుల్లోనే ఉంటుంది. ఎక్కుతుంది కానీ ముసలాయన మెట్లెక్కినట్టు ఆగి ఆగి ఎక్కుతుంటే అది గాడి రబ్బరు పని.

రాత్రిపూట చేయదగ్గ పరీక్ష ఇంకొకటి. లోపలి లైటు వేసి స్విచ్ నొక్కండి. లైటు కొంచెం మసకబారితే కరెంటు మోటారు దాకా పోతోంది, అద్దమో మోటారో బిగుసుకుంది. లైటులో ఏ మార్పూ లేకుండా, తలుపులో ఏ చప్పుడూ లేకుండా ఉంటే కరెంటు దారిలోనే ఆగిపోతోంది. స్విచ్ విప్పడంలో అర్థం ఉంది.

చాలా కార్లలో వెనక కుడి, వెనక ఎడమ స్విచ్‌లు ఒకటే రకం. అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూస్తే స్విచ్ సంగతి నిమిషంలో తేలిపోతుంది.

తలుపు తెరిచినప్పుడు పనిచేసి మూస్తే ఆగిపోతుంటే, తలుపుకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉండవచ్చు. వేల సార్లు తెరిచి మూసిన తలుపు కదా. అది స్విచ్ తుడిస్తే బాగయ్యేది కాదు.

ఇంట్లో శుభ్రం చేసే పద్ధతి

ఒక ఆదివారం ఉదయం చాలు. తలుపులో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లయితే ఈ పని మెకానిక్‌కే వదిలేయండి.

బ్యాటరీ మైనస్ వైరు విప్పి పక్కకు పెట్టండి. బల్లపరుపు స్క్రూడ్రైవరు కొనకు గుడ్డ చుట్టి స్విచ్ ప్యానెల్‌ను మెల్లగా పైకి లేపండి. కొన్నింటికి మూత కింద స్క్రూ దాగి ఉంటుంది, బలవంతం చేయకండి. వెనక ఉన్న కనెక్టరుకు చిన్న కొక్కెం ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని కనెక్టరును లాగాలి, వైర్లను కాదు.

స్విచ్ పెట్టెను పెద్ద పళ్లెంలో పెట్టి విప్పండి. లోపల చిన్న స్ప్రింగులు, గుండ్లు ఉంటాయి. ఒకటి ఎగిరి సోఫా కిందికి పోతే ఆ రోజంతా వెతుకులాటే. ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఆ ఫోటోలే గురువు.

లోపల నల్లబడిన రేకులు కనిపిస్తాయి. ముందు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ పాత టూత్‌బ్రష్ మీద వేసి తుడవండి. ఇంకా నల్లగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. చివరి ప్రయత్నంగా మాత్రమే అతి సన్నని ఎమరీ కాగితంతో ఒకటి రెండు సార్లు రుద్దాలి. గట్టిగా రుద్దితే పైపూత పోయి రేకు మరింత తొందరగా పాడవుతుంది. కొన పూర్తిగా కరిగిపోయినా, ప్లాస్టిక్ వేడికి వంగినా ఆ స్విచ్ పని అయిపోయినట్టే. కొత్తది తీసుకోండి.

ఒక మాట జ్ఞాపకం ఉంచుకోండి. ఏది బిగుసుకున్నా కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేయడం మన ఇళ్లలో అలవాటు. స్విచ్‌లో వేయకండి. దుమ్మును పట్టుకుని ముద్దవుతుంది. గాడి రబ్బరుకూ వేయకండి. నూనెకు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. గాడిని తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. అద్దం దించి గాడి లోపలికీ పోయేలా కొట్టాలి. అద్దం వేగంలో తేడా వెంటనే తెలుస్తుంది.

అంతా పొడిగా ఆరాక బిగించండి. ప్యానెల్ మూసే ముందే కనెక్టరు తగిలించి, బ్యాటరీ కలిపి పరీక్షించండి. ఒక్క నొక్కుతో దానంతటదే నడిచే అద్దం, బ్యాటరీ తీశాక ఆ అలవాటు మరిచిపోవచ్చు. చాలా కార్లలో అద్దం పూర్తిగా ఎక్కించి, స్విచ్‌ను మరికొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది.

పరీక్షించేటప్పుడు పదే పదే నొక్కకండి. మోటారు వేడెక్కితే దానిలోని రక్షణ ఏర్పాటు కాసేపు ఆపేస్తుంది. అది చూసి "మళ్లీ పోయింది" అనుకుంటాం. కాసేపు చల్లారనివ్వండి.

సామాను ఎక్కడ

మల్టీమీటరు, కాంటాక్ట్ క్లీనర్ లాంటివి ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. కొత్త స్విచ్‌లు, గాడి రబ్బర్లు, గ్యారేజీ భాషలో 'విండో మెషిన్' అనే ఎత్తే యంత్రం టౌన్‌హాల్ నుంచి మినర్వా సర్కిల్ వైపు సాగే జె.సి. రోడ్డులో వెతకాలి. కంపెనీ చేయడం మానేసిన కారుదైతే శివాజీనగర్ గుజరీ అంగళ్లే దిక్కు.

వెళ్లేటప్పుడు పాత స్విచ్ చేతిలో పట్టుకెళ్లండి. ఒకే పేరున్న కారులోనే సంవత్సరాన్ని బట్టి, మోడల్‌ను బట్టి కనెక్టరు మారుతుంది. స్విచ్ వెనక ముద్రించిన నంబరు, పిన్నుల లెక్క, పిన్నుల వరస మూడూ కలవాలి. గుజరీలో కొంటే అక్కడే విప్పి రేకులు చూడనివ్వమని అడగండి. అక్కడ నల్లగా ఉన్నది మన ఇంటికి వచ్చి తెల్లబడదు.

గ్యారేజీకే ఇస్తే రెండు ప్రశ్నలు అడగండి. "మోటారుకు నేరుగా కరెంటు ఇచ్చి చూశారా?" "గాడి రబ్బరు చూశారా?" నేరుగా ఇస్తే తిరిగే మోటారును మార్చనక్కర్లేదు. తీసిన పాత భాగాలు మీకే ఇవ్వమనండి.

దీన్ని వాయిదా వేయకూడదు

2023 మే 21న, ఒక ఆదివారం, కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన వాననీటిలో ఆంధ్ర నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉన్న కారు చిక్కుకుంది. మిగతావాళ్లను బయటికి తీయగలిగారు. ఈ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్న వాళ్లమ్మాయి దక్కలేదు. ఆ తర్వాత మన ఇళ్లలో అందరం వేసుకున్న ప్రశ్న ఒకటే: కారు నీళ్లలో ఆగితే బయటికి రావడం ఎలా?

బయట నీటిమట్టం పెరిగాక దాని ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. అప్పుడు దారి కిటికీయే. కరెంటు అద్దాలు నీళ్లు తగలగానే ఆగిపోవు, కొద్దిసేపు పనిచేస్తాయి. ఆ కొద్దిసేపట్లోనే బెల్టు విప్పి, అద్దం దించి, పిల్లలను ముందు పంపి బయటపడాలి. రోజూ మొరాయించే స్విచ్ ఆ నిమిషంలో కనికరిస్తుందని నమ్మలేం. అద్దం దిగకపోతే పక్క అద్దాన్ని మొనదేలిన సుత్తితో మూల దగ్గర కొట్టాలి. ముందు అద్దం పొరల అద్దం, పగిలినా ఊడిరాదు. ఆ చిన్న సుత్తి డిక్కీలో కాదు, డ్రైవరు చేతికి అందేచోట ఉండాలి. అన్నిటికంటే ముందుగా, నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి కారు దించకపోవడమే మేలు.

పసిపిల్లలున్న ఇళ్లకు మరో మాట. పాత కార్లలో చాలావాటి అద్దాలకు, మధ్యలో చెయ్యో మెడో అడ్డు వస్తే ఆగే తెలివి లేదు. సీసా ఊపులాగా అటూ ఇటూ ఒరిగే స్విచ్‌లయితే, కిటికీలోంచి తొంగిచూసే పిల్లవాడి మోకాలు తగిలినా అద్దం ఎక్కేస్తుంది. అందుకే స్విచ్ బాగుచేసిన రోజే లాక్ బటన్ కూడా పనిచేస్తోందో లేదో చూడండి. పిల్లలు వెనక ఉన్నప్పుడు అది వేసి ఉంచండి, కారు దిగేటప్పుడు తాళం చెవి తీసేయండి.

వానలు ముదరకముందే ఈ ఆదివారం నాలుగు అద్దాలనూ ఒక్కొక్కటిగా దించి ఎక్కించి చూడండి. ఏది నెమ్మదిగా ఎక్కుతోందో గమనించి, ముందు దాని గాడి తుడవండి. చాలా ఇళ్లలో స్విచ్ దాకా పోవలసిన పనే ఉండదు.