మొదటి గంట ఒడ్డువాళ్లది

కొండల్లో ఉన్న మా జి.మాడుగులలో నిలబడితే సముద్రం కనబడదు. కానీ మాడుగుల కొండల్లో పుట్టిన మత్స్యగెడ్డ చివరికి చేరేది సముద్రానికే. దిగువన మాచ్‌ఖండ్ అంటారు, ఇంకా దిగువన సీలేరంటారు. అది శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడి, పాపికొండల సందులోంచి కచ్చులూరు మీదుగా ధవళేశ్వరం దాటుతుంది. అందుకే నీళ్లలో గల్లంతైన మనిషి కోసం ఎవరిని పిలవాలన్న ప్రశ్న తీరానిదే కాదు, కొండలదీ. గెడ్డయినా నదైనా కడలైనా మొదట అడగాల్సింది, ఇక్కడి నీటి పోకడ ఎవరికి తెలుసు అని. మన గాలింపు యంత్రాంగం ఆ మాట చిట్టచివర అడుగుతోంది. ఈ వరస మారాలన్నదే ఇక్కడి వాదన.

రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి వరద మీదుంది. పాపికొండల యాత్రకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఎక్కింది 77 మంది, బతికింది 26 మంది. ఆ బతికినవాళ్లలో చాలామందిని సొంత పడవల్లో ఒడ్డుకు చేర్చింది పక్కనున్న తూటుగుంట వాసులు. వాళ్లకు ఆదేశాలు ఎవరూ ఇవ్వలేదు. జాతీయ విపత్తు స్పందన దళం, నౌకాదళం తర్వాత వచ్చాయి. సోనార్‌తో వెతికారు. 200 అడుగులకు పైబడిన లోతు, పైన సుడులు. బోటు మాత్రం పైకి రాలేదు. చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి, మధ్యలో వరద పెరిగి పని ఆగినా మళ్లీ మొదలుపెట్టి, విశాఖ డైవర్ల సాయంతో అక్టోబరు 22న దాన్ని బయటికి లాగింది. అప్పటికి 37 రోజులు. ప్రాణాలు కాపాడే గడువు ఏనాడో దాటిపోయింది. అయినా ఆ పని వృథా కాదు. కొన్ని మృతదేహాలు బోటు బయటపడ్డాకే దొరికాయి. మరణానికి వేరే రుజువేదీ లేనప్పుడు, మనిషి చనిపోయాడని చట్టం అనుకోవాలంటే ఏడేళ్లు ఆగాలి. అంతకాలమూ భార్య పింఛను, పొలం కాగితం, బ్యాంకు ఖాతా అన్నీ నలుగుతూనే ఉంటాయి. కాబట్టి గాలింపంటే బతికున్నవాళ్ల కోసమే అనుకోవడం సగం లెక్కే.

యంత్రాలు ఇంత ముందుకు పోయాక పడవవాళ్లను నమ్ముకోవడమేమిటని అడగవచ్చు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఎగిరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులోని 29 మందిలో 8 మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికినా ఆచూకీ లేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మానవరహిత యంత్రం 3,400 మీటర్ల లోతున శకలాలను ఫొటోలు తీసిందని 2024 జనవరిలో రక్షణ శాఖ ప్రకటించింది. అంత లోతుకు ఏ గజ ఈతగాడూ పోలేడు. నిజమే. కానీ ఆ జవాబు రావడానికి ఏడేళ్లు దాటింది. అది ఆ కుటుంబాలకు కావలసిన జవాబే, కాదనను. గెడ్డలో కొట్టుకుపోతున్న పిల్లాడికి మాత్రం ఉన్నది నిమిషాలు.

జనాన్ని పోగేస్తే చాలనుకోవడమూ పొరపాటే. కంప్యూటర్ శాస్త్రవేత్త, ట్యూరింగ్ అవార్డు గ్రహీత జిమ్ గ్రే 2007 జనవరి 28న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవలో వెళ్లి తిరిగి రాలేదు. మిత్రులు ఉపగ్రహ చిత్రాలు తెప్పించారు. వేలమంది ఇళ్లలో కూర్చుని ఒక్కో ముక్కా జల్లెడ పట్టారు. మనిషి దొరకలేదు, పడవా దొరకలేదు. సాయానికి కొదవ లేదు, వెతకాల్సిన చోటే తెలియలేదు.

శిక్షణ లేనివాణ్ణి దింపితే వాడూ మునుగుతాడన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. దాన్ని ఒప్పుకోవాల్సిందే. దానికి విరుగుడు వాళ్లను దూరం పెట్టడం కాదు, ముందే తయారు చేయడం. లైఫ్ జాకెట్, తాడు, ప్రథమ చికిత్స శిక్షణ, బీమా, దిగిన రోజుకు కూలి ఇస్తే చాలావరకు కుదురుతుంది. కేంద్రం 2016లోనే వరద ముప్పున్న 30 జిల్లాల్లో ఆపద మిత్ర పథకాన్ని మొదలుపెట్టి, తర్వాత 350 జిల్లాలకు, లక్షమంది కార్యకర్తలకు విస్తరించింది. అంటే చట్రం ఉంది. అందులో కూర్చోబెట్టాల్సింది మత్స్యగెడ్డ మీద నాటు పడవ నడిపేవాళ్లను, కొత్తపల్లి జలపాతం రాళ్ల మీద ఏ నెలలో ఎక్కడ నాచు పడుతుందో తెలిసినవాళ్లను. ఇక తప్పుడు కబుర్ల సంగతి. 2022 జులైలో విశాఖ ఆర్కే బీచ్‌లో ఒకరు గల్లంతయ్యారని నౌకలు, హెలికాప్టర్ దింపి వెతికారు. ఆ మనిషి వేరే ఊళ్లో క్షేమంగా ఉన్నట్టు తర్వాత తేలింది. జనం మండిపడ్డారు. అప్పుడూ వెతకడమే సరైన పని. కబురు నిజమో కాదో తేలేదాకా ఆగితే, నిజమైన రోజున ఆలస్యమవుతుంది.

మా కొండల్లో మరీ ఇబ్బంది దూరం. విపత్తు దళం పదో బెటాలియన్ ఉండేది విజయవాడ దగ్గర కొండపావులూరులో. అక్కడి నుంచి పాడేరు ఘాట్ ఎక్కి జి.మాడుగుల దాటి గూడేనికి వచ్చేసరికి చీకటి పడుతుంది. చాలాచోట్ల ఫోన్ సిగ్నలే అందదు. తీరంలో మత్స్యకారులకు కోస్ట్‌గార్డ్ నంబరు 1554 ఉంది. గెడ్డల ఒడ్డువాళ్లకు అలాంటి ప్రత్యేక నంబరేదీ లేదు. మండల అధికారులకు ఒకటే విన్నపం. ప్రతి రేవులో ఈత, పడవ, నీటి పోకడ తెలిసిన నలుగురి పేర్లు ఈ వానలకు ముందే రాయించి, బడి గోడ మీదా సచివాలయం గోడ మీదా పెద్దక్షరాలతో పెట్టించండి.