కొల్లేటి గట్టున కెమెరా

పక్షుల ఫోటోలు తీయాలంటే అడవులకు పోవాలి, బారెడు లెన్సు కొనాలి అని మన కాలేజీలో చాలామంది నమ్మకం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తీరా చూస్తే తాడేపల్లిగూడెంలో మా అమ్మమ్మగారి పెరడే నాకు మొదటి బడి అయింది. మందారం దగ్గర తేనెపిట్ట, గోడమీద పిగిలిపిట్ట, అవతల పంటకాలువ తీగమీద లకుముకిపిట్ట. ఇంకేం కావాలి?

ముందుగా వెలుతురు సంగతి. తెల్లవారిన తరువాత మొదటి రెండు గంటలే మనవి. సూర్యుడు మన వీపు వెనుక ఉండాలి. నడినెత్తి ఎండలో తీస్తే పిట్ట కన్ను నల్లటి గుంటలా పడుతుంది. కన్ను కనపడని ఫోటోకు ప్రాణం ఉండదు. కదలక కూర్చున్న పిట్టకు సెకనులో 250వ వంతు షట్టరు వేగం సరిపోవచ్చు గాని, ఎగిరేదానికి కనీసం 1000వ వంతు కావాలి.

కొల్లేటికి వెళ్ళేవారికి తెల్లకొంగే అసలు పరీక్ష. కెమెరా తాను చూసే దృశ్యమంతా మధ్యరకం బూడిదరంగులో ఉందనుకుని లెక్కవేస్తుంది. నల్లటి నీళ్ళలో ఒంటికొంగ నిలబడితే, చీకటిగా ఉంది కాబోలని వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది. కొంగ కాస్తా సున్నపు ముద్ద అవుతుంది. అప్పుడు ఒక స్టాపు తగ్గించి చూడాలి. అదే కొంగలు ఫ్రేము నిండా ఉంటే మాసిన పంచెల్లా వస్తాయి. అప్పుడు పెంచాలి. ఈ చిన్న సంగతి తెలియక నేను ఒక శీతాకాలమంతా పాడుచేసుకున్నాను.

అంతకన్నా పెద్ద తప్పు మరొకటి చేశాను. పెరట్లో మల్లెపొదలో పిగిలిపిట్ట గూడు పెట్టింది. ఫోటోకు అడ్డమని నాలుగు రెమ్మలు విరిచాను. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. మర్నాడు గూడు ఖాళీ. నేను తెరిచిన దారినే కాకి వచ్చింది. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆ రోజంతా నాతో మాట్లాడనూ లేదు. ఆ ఫోటో ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.

తరువాత కైకలూరు దగ్గర ఆటపాకకు వెళ్ళాను. అక్కడ నీళ్ళలో పాతిన స్టాండ్లమీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్ళు కట్టుకుంటాయి. ఇంకాస్త దగ్గరకు పోనిమ్మని పడవతనిని బతిమాలాను. "తల్లి లేస్తే పిల్లలు ఎండకి మాడిపోతాయండి బాబూ, ఇక్కణ్ణించే తీసుకోండి" అన్నాడాయన. ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు. పక్షి మెడ నిక్కించి మనవైపు చూసిందంటే అప్పటికే మనం ఎక్కువ దగ్గరకు వచ్చామన్నమాట. అక్కడే ఆగాలి. వీలైతే రెండడుగులు వెనక్కి వేయాలి.

ఇదంతా ఎందుకని అడగవచ్చు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు మన కొల్లేటి ప్రాంతంలో పెద్ద గూడబాతుల స్థావరాన్ని చూసి గ్రంథస్థం చేశారు. 1970ల నడుమకు వచ్చేసరికి ఆ స్థావరం లేకుండా పోయింది. ఆయన రాసిపెట్టకపోతే ఏం పోయిందో కూడా మనకు తెలిసేది కాదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రాంసార్ జాబితాకు ఎక్కింది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టివేశారు. ఇన్ని మార్పుల మధ్య ఏ పక్షి ఏ నెలలో, ఏ గట్టున కనపడిందో చెప్పే ఫోటో ఒక దస్తావేజు వంటిది.

కాబట్టి మిత్రులారా, మీ చేతిలో మామూలు కెమెరా ఉన్నా ఫర్వాలేదు. తీసిన ప్రతి ఫోటో కింద తేదీ, ఊరు, పిట్ట పేరు రాయండి. గూళ్ళ ఊరు మాత్రం నలుగురికీ చాటవద్దు. ఫోటో రాకపోతే రేపు మళ్ళీ వెళ్ళవచ్చు. గూడు పోతే, మనం చేయగలిగింది ఏమీ ఉండదు.