పది తర్వాత సైన్స్ చదవాలంటే: ముందు గ్రూపు, తర్వాతే కాలేజీ

(తల్లికి వందనం లబ్ధిదారులకు – మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం)

కాలేజీ పేరు చూసి చేర్పించకండి. పిల్లకు, పిల్లవాడికి ఏది ఇష్టమో ముందు అడగండి.

1. లెక్కలు ఇష్టమైతే ఎంపీసీ. డాక్టర్ కావాలంటే బైపీసీ సరైనది, నీట్‌కు జీవశాస్త్రం ఉండాలి.

2. దగ్గర్లో చదవాలంటే: మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వ జూనియర్ కాలేజీలు. పుస్తకాలు ఉచితం, 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా ఉంది. లెక్చరర్లు, ల్యాబ్ ఉన్నాయో లేదో స్వయంగా వెళ్లి చూడండి.

3. హాస్టల్‌తో ఇంటర్: ఏపీఆర్‌జేసీ. ప్రవేశ పరీక్ష రాయాలి.

4. ట్రిపుల్ ఐటీ (ఒంగోలు, నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం): ఆరేళ్ల బీటెక్ కోర్సు. పది మార్కులే ఆధారం. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల పిల్లలకు 4 శాతం కలుపుతారు.

5. పాలిటెక్నిక్: పాలిసెట్ రాయాలి. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

జాగ్రత్త: ఏపీఆర్‌జేసీ, పాలిసెట్ దరఖాస్తులు పది ఫలితాల కంటే ముందే మొదలవుతాయి. "రిజల్ట్ వచ్చాక చూద్దాం" అంటే గడువు దాటిపోవచ్చు.

డబ్బు సంగతి: తల్లికి వందనం ఇంటర్ వరకు వర్తిస్తుంది. ఏడాదికి రూ.15,000లో రూ.2,000 విద్యాసంస్థ నిర్వహణకు పోగా, రూ.13,000 తల్లి ఖాతాలో పడుతుంది. హాజరు 75 శాతం ఉండాలి, ఖాతాకు ఆధార్ లింక్ అయి ఉండాలి. ఈ డబ్బును నమ్ముకుని పెద్ద ఫీజుల కాలేజీకి అప్పు చేయకండి. ట్రిపుల్ ఐటీ, పాలిటెక్నిక్‌లో చేర్చే ముందు ఏ పథకం వర్తిస్తుందో సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడగండి.