పెట్టె అదిరిన పాట చెదరును

సంగీతమును వెలువరించుటకై స్పీకరునందలి కోను గాలిని ముందునకు త్రోయునప్పుడెల్ల, న్యూటను మూడవ సూత్రము ననుసరించి దాని అయస్కాంతమును చట్రమును వెనుకకు త్రోయబడుచుండును. ఆ త్రోపు పెట్టె గోడలకు సంక్రమించగా, అవియు తమ సహజ పౌనఃపున్యములయొద్ద కంపించి, గాయకుడు పాడని నాదము నొకదానిని పాటలో కలుపును. గోడల వైశాల్యము కోను వైశాల్యముకంటె అనేక రెట్లు అధికమగుటచే, వాని చలనము కంటి కగపడనంత స్వల్పమైనను చెవి దానిని గ్రహింపగలదు.

గోడలను మందముగా చేసిన చాలునని తోచును గాని, మందము పెరిగినకొలది ఆ కంపనము చెవి మిక్కిలి సూక్ష్మముగా వినగల మధ్యస్థాయికి జరుగును. ఇది గుర్తించిన బి.బి.సి. పరిశోధకులు పలుచని ప్లైవుడ్డు గోడల లోపలివైపున తారుతో చేసిన బరువైన పలకలను అంటించి, కంపనశక్తిని ఉష్ణముగా మార్చి అణచిరి. 1970వ దశకమున వెలసిన వారి ఎల్.ఎస్. 3/5ఎ అను చిన్న స్పీకరు ఈ పద్ధతికి ప్రసిద్ధోదాహరణము.

స్పీకరు క్రింద అమర్చు ఉక్కుమొనలు తివాచీపై పెట్టె ఊగకుండ నిలుపునే గాని కంపనమును హరింపజాలవు. ఆ పని రబ్బరు, స్ప్రింగులవంటి మెత్తని ఆధారములది. అవియైనను తమ సహజ పౌనఃపున్యమునకు సుమారు 1.4 రెట్లు మించిన కంపనములనే తగ్గించును. ఆ పౌనఃపున్యపు దరిదాపుల కంపనమును హెచ్చించును గూడ.

అన్నిటికంటె జాగరూకత వహింపదగినది రికార్డు ప్లేయరు విషయమున. విద్యుత్తుగా మార్చబడుటకై గాడిలోని అతిసూక్ష్మ చలనమును గ్రహించు ముల్లు, గాడి కదలికకును బల్ల కదలికకును భేద మెరుగదు. స్పీకరుతోపాటు ఒకే బల్లపై నుంచినచో, ఆ అదురు ముల్లును చేరి, ఆంప్లిఫయరులో పెరిగి, మరల స్పీకరునుండి వెలువడి, తుదకు హోరుగా పరిణమింపవచ్చును. 1961లో వెలువడిన ఎడ్గార్ విల్చర్ గారి ఏ.ఆర్. ప్లేయరులో, తిరుగు పళ్లెమును ముల్లును మోయు కడ్డీని ఒకే చట్రమునకు బిగించి, ఆ చట్రమును స్ప్రింగులపై నిలుపుట ఇందులకే. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరునకు గదిలోని అదురు వలన కలుగు బాధ మిక్కిలి స్వల్పము. వాల్వు సెట్లు మాత్రము, వాల్వుల లోపలి భాగములు కదలుటచే, కొంత స్పందించును.

కావున ఆంప్లిఫయరు క్రిందికి ఖరీదైన పీఠములు కొనదలచువారికి మనవి: మొదట స్పీకరును చెక్క అల్మరాపైనుండి, అద్దాల షోకేసుపైనుండి దించి దృఢమైన స్టాండుపై నిలుపుడు, రికార్డు ప్లేయరును దానికి దూరముగా గట్టి గోడకు బిగించిన అరపై నుంచుడు, పాట సాగునప్పుడు పెట్టెపై అరచేయి మోపి చూడుడు. చేతికి తెలియు అదురును అణచిన పిదపనే తక్కిన వ్యయమును గూర్చి ఆలోచింపుడు.